జాగోకి చెప్పాల్సిన మాట

పదింటికి మొదలైన మీటింగు పది ఇరవైకల్లా అయిపోయింది. అంత త్వరగా తేలిపోయే మీటింగులో ఎవరికో ఒకరికి చెడ్డ కబురు ఉంటుందని హెస్టర్ లోమాక్స్‌కి అనుభవం మీద తెలుసు. ఇరవై ఆరేళ్ళు కార్ రేసుల్లోనే గడిచిపోయాయి ఆమెకి.

"సోమవారం దాకా ఆగలేం," అన్నాడు ఫెలిక్స్ ఆమ్స్‌లర్. ఆల్డర్‌స్లీ టీమ్‌కి అతనే పెద్ద. ఆగస్టు సెలవులకి ఫ్యాక్టరీ మూసేసి ఉంది. కార్లు తయారుచేసే హాల్లో లైట్లు కూడా వెయ్యలేదు. పైన ఈ ఒక్క గదిలోనే మనుషులున్నారు. "లిస్బన్‌లో ఎవడో విలేకరికి వాసన తగిలింది. వాడు రాసేలోపు మనమే చెప్పేద్దాం. సాయంత్రం ఐదింటికి ప్రకటన. వచ్చే ఏడాది మన రెండో కారులో సీటు డువార్టేది. జాగోకి నువ్వు ఫోన్ చేసి చెప్పు."

"ఫోన్లో చెప్పను."

"హెస్టర్, వాడు కార్న్‌వాల్‌లో ఉన్నాడు. సెలవుల రద్దీలో ఐదు గంటల దారి."

"తెలుసు. అందుకే ఇప్పుడే లేస్తున్నా."

"వాడే ఫోన్ చేస్తే?" అని అడిగింది పత్రికల వ్యవహారాలు చూసే బెథన్.

"ఎత్తకండి. మీరిద్దరూ. నేను చేరేదాకా ఎవరూ వాడితో మాట్లాడొద్దు," అంది హెస్టర్. తాళాలు చేతిలోకి తీసుకుంది గానీ, చల్లారిపోయిన టీ కప్పు ఎక్కడ పెట్టాలో తోచక దాన్ని పట్టుకునే మెట్లు దిగి, చివరికి కారు పక్కన గడ్డిలో వదిలేసి బయల్దేరింది.

ఆల్డర్‌స్లీ టీమ్‌లో కుర్ర డ్రైవర్లని తయారుచేసే పని హెస్టర్‌ది. చిన్న పిల్లలు చిట్టి మోటారు బండ్లు తోలే కార్ట్ పందేలు జరిగే ప్రతి చోటికీ వెళ్ళి, పన్నెండు పదమూడేళ్ళ పిల్లల్లో ఒకరినో ఇద్దరినో ఏరుకొస్తుంది. ఆ తర్వాత వాళ్ళ తిండి, నిద్ర, చదువు, మెడ కండరాల బలం, విలేకర్లతో మాట్లాడే తీరు, అన్నీ ఆమె చేతిలోనే. ఏడాదికో మెట్టు ఎక్కిస్తూ ఫార్ములా వన్ గుమ్మం దాకా తీసుకొస్తుంది. గుమ్మం దాటేది ఎవరో ఒకరు. ఇప్పటిదాకా ముప్ఫై ఎనిమిది మంది పిల్లలు ఆమె చేతుల మీదుగా వెళ్ళారు. అందులో గుమ్మం దాటింది ఇద్దరు.

మిగతావాళ్ళకి 'ఇక చాలు' అని చెప్పే పని కూడా హెస్టర్‌దే. ఈ రంగంలో రెండు ముక్కల మెయిల్ పంపి చేతులు దులుపుకునేవాళ్ళే ఎక్కువ. హెస్టర్ ఏనాడూ అలా చెయ్యలేదు. వాళ్ళ ఇంటికి వెళ్ళి, వంటింటి బల్ల దగ్గర అమ్మానాన్నల ఎదుట కూర్చుని, తిట్టినా పడి, ఏడిస్తే ఆగి, చెప్పాల్సింది చెప్పి వచ్చేది. ఒకసారి పోలండ్ దాకా వెళ్ళింది. ఆ విషయంలో ఆమెకి కాస్త గర్వం. ఎవరికీ చెప్పుకోలేదు గానీ, అందరికీ తెలియాలని మాత్రం ఉండేది.

జాగో పెన్‌రోజ్ సంగతి వేరు. ట్రాక్టర్లు బాగుచేసుకునే డెన్‌జిల్ పెన్‌రోజ్ కొడుకు. తల్లి చిన్నప్పుడే పోయింది. పన్నెండేళ్ళప్పుడు మొదటిసారి ఫ్యాక్టరీకి వచ్చి, బడిలో టీచరుని పిలిచినట్టు హెస్టర్‌ని "మిస్" అని పిలిచాడు. అందరూ నవ్వారు. వాడు ఎర్రబడ్డాడు గానీ పిలుపు మార్చుకోలేదు. ఇప్పుడు ఇరవై ఒకటి. ఈ ఏడాదంతా టీమ్‌కి రిజర్వు డ్రైవరు. అంటే, అసలు డ్రైవర్లకి ఏదైనా అయితే దిగడానికి సిద్ధంగా ఉండాలి, ఏమీ కాకపోతే ఫ్యాక్టరీలో సిమ్యులేటర్‌లో కూర్చుని వాళ్ళ కార్లకి ఏ అమరిక నప్పుతుందో కనిపెట్టిపెట్టాలి. ఎవరికీ ఏమీ కాలేదు. ఒకటి రెండు పరీక్ష పరుగులు తప్ప, ఏడాదంతా కిటికీల్లేని గదిలో, కదలని కారులో గడిపాడు జాగో.

డువార్టేకి పంతొమ్మిది. పోర్చుగల్ కుర్రాడు. టీమ్‌లోకి వచ్చి మూడేళ్ళే.

బ్రిస్టల్ దాటగానే ఎమ్ ఫైవ్ రోడ్డు మీద బండ్లన్నీ ఆగిపోయాయి. ముందు పైన పడవ కట్టుకున్న కారు, పక్కన సైకిళ్ళు వేలాడేసుకున్న వ్యాను, వెనక సీట్లో కొట్టుకుంటున్న పిల్లలు. ఇంగ్లాండులో సగం మంది ఆ రోజే సముద్రం చూడాలనుకున్నట్టున్నారు. హెస్టర్ స్టీరింగు మీద వేళ్ళతో వాయిస్తూ, గేరు మారుస్తూ, మళ్ళీ మారుస్తూ కూర్చుంది. అరగజం జరిగితే జరిగినంత. చెప్పాల్సిన మాటని పైకే అని చూసుకుంది.

"జాగో, నీకో విషయం చెప్పాలి." కాదు. "జాగో, తప్పు నీది కాదు." అదీ కాదు. తప్పు ఎవరిది మరి?

పన్నెండింటికి పది నిమిషాలుందనగా ఫోన్ మోగింది. తెర మీద జాగో పేరు. హెస్టర్ దాన్ని చూస్తూ ఉండిపోయింది. ఆగింది. రెండు నిమిషాల తర్వాత మళ్ళీ మోగింది. ఆమె ఫోన్ తీసి వెనక సీట్లో పడేసింది. అది అక్కడ కోటు కింద మూలుగుతూనే ఉంది.

రెండు వారాల నాటి సంగతి ఎంత వద్దనుకున్నా గుర్తొస్తోంది. ఆమ్స్‌లర్ గది. ఇద్దరు కుర్రాళ్ళ లెక్కలు తెర మీద. ఒకే కారులో, ఒకే ట్రాక్ మీద ఇద్దరికీ తేడా రెప్పపాటులో వందో వంతు కూడా లేదు. ఆమ్స్‌లర్ తెర ఆర్పేసి, "ఇది చూసి ఏమీ తేలదు. వీళ్ళని పెంచింది నువ్వు. ఒక్క పేరు చెప్పు, దాంతోనే వెళ్తాను," అన్నాడు.

హెస్టర్ కిటికీ దాకా వెళ్ళి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది.

"డువార్టే," అంది.

ఒకటిన్నరకి టాంటన్ ఊరు ఇంకా రాకుండానే బెథన్ ఫోన్. ఈసారి హెస్టర్ కారు పక్క దారిలోకి తిప్పి, ప్రయాణికులు ఆగే విశ్రాంతి స్థలంలో ఆపి, వెనక సీట్లో తడుముకుని ఎత్తింది.

"బయటపడిపోయింది హెస్టర్. ఆ లిస్బన్ వాడు పేర్లతో సహా రాసేశాడు. రెండు గంటలయింది. నాకిప్పుడే తెలిసింది. అందరూ దాన్నే పంచుకుంటున్నారు. నువ్వు ఇప్పటికైనా ఫోన్ చేసి చెప్పెయ్."

"ఇంకెంత, రెండున్నర గంటల దారి."

"రెండున్నర గంటలా? వాడు కుర్రాడే తల్లీ, రాయి కాదు. ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంటాడు."

"నేను ఎదురుగా కూర్చునే చెప్తాను బెథన్. ఎప్పుడూ అలాగే చేశాను."

"సరే, నీ ఇష్టం," అని పెట్టేసింది బెథన్.

జాగో నుంచి నాలుగు కాల్స్ ఉన్నాయి. ఒక మెసేజ్. 'మిస్, నిజమేనా?'

హెస్టర్ కారు దిగింది. ఐస్‌క్రీమ్ బండి ముందు పొడుగాటి వరుస. మరుగుదొడ్డి ముందు ఇంకా పొడుగాటి వరుస. 'వస్తున్నాను, ఇంట్లోనే ఉండు' అని టైపు చేసింది. ఆ మాట చాలు, వాడికి అంతా అర్థమైపోతుంది. చెరిపేసింది. 'కంగారుపడకు' అని రాసింది. అబద్ధం. అదీ చెరిపేసింది. గుడ్డు శాండ్‌విచ్ కొని, సగం తిని, మిగతాది చెత్తబుట్టలో వేసి, బుట్ట చుట్టూ రెండుసార్లు తిరిగి మళ్ళీ కారెక్కింది.

తర్వాత దారంతా ఆమె అవసరం ఉన్నా లేకపోయినా ఒక వరస నుంచి ఇంకో వరసలోకి మారుతూనే నడిపింది. ఎక్సెటర్ దాటి, ఏ థర్టీ రోడ్డు పట్టుకుని, బోడ్మిన్ మూర్ బీడు మీద గాలికి కారు పక్కకి ఊగుతుంటే వేగం తగ్గించకుండా వెళ్ళింది. డెన్‌జిల్ ఇంటి ముందు ఆపేసరికి నాలుగున్నర.

డెన్‌జిల్ వాకిట్లో ట్రాక్టర్ కింద పడుకుని ఉన్నాడు. కారు చప్పుడుకి బయటికి జరిగి, కూర్చునే ఆమెని చూశాడు. ఆ పక్క మనుషులు ముక్కూమొహం తెలియనివాళ్ళని కూడా 'బంగారం' అనే పలకరిస్తారు. డెన్‌జిల్ తొమ్మిదేళ్ళుగా ఆమెని అలాగే పలకరించాడు.

"వచ్చావా," అన్నాడు. అంతే.

"జాగో ఉన్నాడా?"

"లేడు."

"డెన్‌జిల్, నేను పొద్దున్నే బయల్దేరాను. దారిలో—"

"పొద్దున్నే బయల్దేరావా?" అతను గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన చెయ్యే మళ్ళీ తుడిచాడు. "అంటే పొద్దున్నే నీకు తెలుసు. వాడు పన్నెండు నుంచి ఆ మెట్టు మీద కూర్చుని నీకు ఫోన్ చేస్తూనే ఉన్నాడు. మిస్‌కి ఏమైనా అయిందేమో నాన్నా, ఎప్పుడూ ఎత్తకుండా ఉండరు అన్నాడు. ఊళ్ళో పోస్టు బట్వాడా చేసేవాడు వచ్చి, సారీ రా జాగో అన్నాడు. వాడి నోటి నుంచి విన్నాడు నా కొడుకు."

హెస్టర్ ఖాళీగా ఉన్న ఆ మెట్టు వైపు చూసింది.

"ఎక్కడున్నాడు?"

"పాత విమానాల మైదానం దగ్గర కార్ట్ ట్రాక్ ఉంది చూడు, అక్కడ. నువ్వు వాణ్ణి ఎంచుకోకముందే, వాడు బండి తోలడం నేను మొదట చూసింది అక్కడే." అతను మళ్ళీ ట్రాక్టర్ కిందికి దూరబోయి ఆగాడు. "నేను నిన్ను తిట్టను. తిడితే నువ్వు పడి, మంచిదానిలా ఇంటికెళ్ళిపోతావ్. ఆ సుఖం నీకివ్వను. పో."

కార్ట్ ట్రాక్ అంటే పెద్దగా ఏం లేదు. పగుళ్ళిచ్చిన తారు, చుట్టూ పాత టైర్ల గోడలు, ఒక రేకుల షెడ్డు. సెలవులకొచ్చిన కుటుంబాలు అద్దె బండ్లలో గుద్దుకుంటూ కేకలు వేస్తున్నారు. వాళ్ళ మధ్యలోంచి ఒక బండి మాత్రం ఎవరికీ తగలకుండా, ప్రతి మలుపులో ఒకే గీత మీద, కుట్టుమిషన్‌లో సూది దిగినట్టు తిరుగుతోంది. అద్దె హెల్మెట్టు, చొక్కా చేతులు మడిచి ఉన్నాయి. చూడగానే గుర్తుపట్టింది హెస్టర్.

గేటు దగ్గర కూర్చున్నావిడ ఆమె కాళ్ళ వంక చూసింది. "తోలతారా? ఆ చెప్పులతో కుదరదమ్మా, లోపల బూట్లున్నాయి, ఇస్తాను."

"వద్దండి. ఆ ఏడో నంబరు బండి ఎప్పుడు ఆగుతుంది?"

"మా జాగోనా? మూడు నుంచీ తిరుగుతున్నాడు. మధ్యలో ఒకసారి పెట్రోలు పోయించుకుని మళ్ళీ ఎక్కాడు. ఆగమని నేనైతే చెప్పను. మీరు చెప్తే చెప్పండి."

హెస్టర్ కంచె దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఏడో నంబరు బండి మలుపు తిరిగి ఆమె ముందునుంచి వెళ్ళింది. హెల్మెట్టు ఒక్క క్షణం ఇటు తిరిగింది. చూశాడు. ఆమె చెయ్యెత్తింది. బండి ఆగలేదు.

మళ్ళీ వచ్చాడు. ఆగలేదు. మళ్ళీ.

తొమ్మిదేళ్ళలో ఆమె చెయ్యెత్తితే ఆ పిల్లాడు ఆగకుండా వెళ్ళడం ఇదే మొదటిసారి. హెస్టర్ కంచె వెంట ఇటు చివరికి నడిచింది, అటు చివరికి నడిచింది. చుట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టి, పదిహేడు దగ్గర లెక్క తప్పింది. జేబులో ఫోన్ గరగరలాడింది. తీసి చూస్తే ఐదు. ప్రకటన వచ్చేసింది. టీమ్ రంగుల్లో డువార్టే ఫోటో, పళ్ళన్నీ కనబడేలా నవ్వు. ఆరు గంటలు ప్రయాణం చేసి, ఆ మాట చెప్పడానికి వచ్చిన మనిషి కంచె ఇవతల నిలబడి ఉండగానే, ప్రపంచమంతటికీ ఒకేసారి చెప్పేశారు.

ఐదుం పావుకి సైరన్ మోగింది. అద్దె బండ్లన్నీ ఒక్కొక్కటే షెడ్డు వైపు మళ్ళాయి. ఏడో నంబరు బండి ఇంకో మూడు చుట్లు ఒంటరిగా తిరిగి, అప్పుడొచ్చి ఆగింది.

జాగో హెల్మెట్టు తీశాడు. జుట్టంతా చెమటకి నుదుటికి అంటుకుపోయి ఉంది. కంచె దగ్గరికి వచ్చాడు గానీ గేటు తీసుకుని ఇవతలికి రాలేదు.

"టీ తాగారా మిస్?" అన్నాడు.

"జాగో—"

"దారి బాగా రద్దీగా ఉండుంటుందే. గురువారం కదా."

"నీకు నా నోటితో చెప్పాలని వచ్చాను."

"చెప్పండి మరి."

ఆమె నోరు తెరిచింది. దారంతా పేర్చుకున్న వాక్యాల్లో ఒక్కటీ రాలేదు. "వచ్చే ఏడాది సీటు డువార్టేకిచ్చారు," అంది చివరికి.

"అవునట. పోస్టాయన చెప్పాడు." కంచె తీగని చేత్తో గట్టిగా పట్టుకున్నాడు జాగో. "ఫోన్ ఎత్తుంటే సరిపోయేది కదా మిస్. అవును జాగో, నిజమే అని. మూడు ముక్కలు. మీరు ఆరు గంటలు కారు తోలారు. నేను మూడు గంటలు అబద్ధమేమో అనుకుంటూ కూర్చున్నాను. మిస్ ఫోన్ ఎత్తట్లేదంటే ఇంకా ఏదో మాట్లాడుతున్నారేమో, నాకోసం పోట్లాడుతున్నారేమో అనుకున్నాను."

ఆ మాటకి హెస్టర్ కళ్ళు దించేసింది. పోట్లాడుతున్నారేమో.

"అది కూడా చెప్పాలి," అంది. "ఫెలిక్స్ నన్నే అడిగాడు. ఒక్క పేరు చెప్పమన్నాడు. డువార్టే అన్నది నేనే."

జాగో తీగ వదిలేశాడు. కాసేపు షెడ్డు వైపు చూశాడు. అక్కడ ఎవరి పిల్లో ఇంకొక్క చుట్టు కావాలని ఏడుస్తోంది.

"ఎందుకు? వాడు నాకంటే స్పీడా?"

"కాదు."

"మరి?"

"ఫిబ్రవరిలో బార్సిలోనాలో కార్లు పరీక్షించేటప్పుడు వాన పడింది చూడు. మీ ఇద్దరికీ ఇంజనీరు ఒకే మాట చెప్పాడు, పొడి రోడ్డుకి వేసిన టైర్లతోనే ట్రాక్ మీద ఉండమని. ఇంజనీరుది తప్పు. నువ్వు పదకొండు చుట్లు తిరిగావు. జారుతూ, నిలదొక్కుకుంటూ. బాగుందా అంటే బాగుంది అన్నావ్. డువార్టే రెండో చుట్టుకే టైర్లు మార్పించుకోడానికి లోపలికొచ్చేసి, మీకు కళ్ళున్నాయా లేవా అని వాళ్ళమీద అరిచాడు." ఆమె ఊపిరి తీసుకుంది. "అక్కడ, పైన, ఆ కార్లో... కాదు అని చెప్పగలవాడు కావాలి రా. నువ్వు తొమ్మిదేళ్ళలో నాకు ఒక్కసారి కూడా కాదని చెప్పలేదు."

జాగో నవ్వాడు. సరదా ఏమీ లేని నవ్వు.

"చెప్పాను మిస్. ఒక్కసారి చెప్పాను. పదమూడేళ్ళప్పుడు, ఇటలీలో. మీరు లోపలికి రమ్మని బోర్డు చూపిస్తే నేను రాలేదు, టైర్లు ఇంకా బాగున్నాయి కాబట్టి. గెలిచాను కూడా. మీరేం చేశారు?"

హెస్టర్‌కి గుర్తొచ్చింది. గుర్తు రాకపోతే బాగుండును.

"తర్వాతి పందెంలో తోలనివ్వకుండా పక్కన కూర్చోబెట్టారు నన్ను. నాన్న వ్యాను వేసుకుని రెండు రోజులు తోలుకొచ్చాడు ఆ పందేనికి. నేను కంచె పక్కన నిలబడి చూశాను. మాట విననివాడికి ఈ టీమ్‌లో చోటు లేదు జాగో, స్పీడున్నవాళ్ళు వీధికి పదిమంది దొరుకుతారు అన్నారు. నేను విన్నాను. ఆ రోజు నుంచి ఒక్కటి కూడా వదలకుండా విన్నాను. తిండి మీరు చెప్పిందే తిన్నాను. మాట్లాడమన్నట్టే మాట్లాడాను. సిమ్యులేటర్‌లో వాంతి వస్తున్నా ఇంకో గంట అంటే ఇంకో గంట కూర్చున్నాను." అతని గొంతు పెరగలేదు. "మీరు చెప్పినట్టు తయారయ్యాను. ఇప్పుడు అలా తయారయ్యానని వద్దంటున్నారు."

హెస్టర్ కంచె మీద రెండు చేతులూ ఆనించింది. వంటింటి బల్లల దగ్గర ఎన్నో మాటలు పడ్డ మనిషి. వాటన్నిటికీ ఆమె దగ్గర ఏదో ఒక మెత్తటి జవాబు ఉండేది.

"అవును," అంది. "అలాగే చేశాను."

జాగో ఇంకేదో అనబోయి ఆగిపోయాడు. ఆమె అడ్డం చెప్తుందనుకున్నట్టున్నాడు.

"ఇంకా రెండేళ్ళు రిజర్వుగా ఉంచేలా ఫెలిక్స్‌ని ఒప్పించాను," అంది ఆమె. అనగానే ఆ మాట ఎంత చిన్నగా ఉందో తనకే వినిపించింది.

"వద్దు."

"ఆలోచించి—"

"వద్దు మిస్. నన్ను వదిలెయ్యండి. జపాన్‌లో ఒక టీమ్ వాళ్ళు జూన్‌లో అడిగారు. సెప్టెంబరు మొదట్లో వాళ్ళ కారు తోలి చూపించాలట. మీ ఒప్పందం డిసెంబరు దాకా ఉంది, వాళ్ళతో మాట్లాడే హక్కు కూడా లేదు నాకు. అందుకని జవాబే ఇవ్వలేదు. డిసెంబరు దాకా ఆగితే ఆ సీటు ఇంకెవరికో పోతుంది. ఈ రోజే వదిలెయ్యండి."

శిక్షణ ఒప్పందాలు హెస్టర్ సంతకంతోనే నడుస్తాయి. వేసేదీ ఆమే, రద్దు చేసేదీ ఆమే. అయితే సిమ్యులేటర్‌లో కూర్చోడానికి జాగో లేకపోతే ఆ టీమ్‌కి వచ్చే నాలుగు నెలలూ చెయ్యి విరిగినట్టే. ఆమ్స్‌లర్‌ని అడిగితే ఏమంటాడో ఆమెకి తెలుసు. అడగలేదు. అక్కడే, టైర్ల గోడ మీద కూర్చుని, ఫోన్లో నాలుగు వాక్యాలు రాసి, జాగోకీ టీమ్ న్యాయవాదికీ ఆమ్స్‌లర్‌కీ ఒకేసారి పంపేసింది. నేటి నుంచి జాగో పెన్‌రోజ్‌కి మాతో ఏ బంధమూ లేదు, ఎవరితోనైనా మాట్లాడుకోవచ్చు, అని.

జాగో జేబులో ఫోన్ మోగింది. తీసి చదివాడు. రెండోసారి చదివాడు.

"థాంక్స్," అని, ఏడో నంబరు బండిని షెడ్డులోకి తోసుకుంటూ వెళ్ళిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

ఆమె కారు దాకా వెళ్ళేలోపే ఆమ్స్‌లర్ ఫోన్. ఈసారి మొదటి గంటకే ఎత్తింది.

"నీకు మతి పోయిందా? వచ్చే శుక్రవారం సిమ్యులేటర్‌లో ఎవడు కూర్చుంటాడు?"

"తెలీదు."

"తెలీదా! అది కనుక్కోవడమే కదా నీ ఉద్యోగం!"

"కనుక్కుంటాను ఫెలిక్స్. ఇప్పుడు కాదు."

తిరుగు ప్రయాణంలో రోడ్డు ఖాళీగానే ఉంది. అయినా ఆమెకి ఎక్కడా నిలకడ లేదు. రేడియో పెట్టింది, ఆపింది. అద్దం దించింది, ఎత్తింది. ఇటలీలో కంచె పక్కన నిలబడ్డ పదమూడేళ్ళ పిల్లాడు ఆ రోజు ఏడ్చాడో లేదో గుర్తు తెచ్చుకోవాలని చూసింది. గుర్తు రాలేదు. అప్పుడు వాడి వైపు చూడనే లేదు తను.

వారం తర్వాత డువార్టే ఆమె గదికి వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. ఆ కుర్రాడికి కాళ్ళు ఒకచోట నిలవవు.

"మేడమ్, జాగో నా ఫోన్ ఎత్తట్లేదు. నామీద కోపమా?"

"నీమీద కాదు."

"నన్ను ఎంచింది మీరేనట. ఎందుకు మేడమ్?"

కాదు అని చెప్పగలవాడివని, అనబోయింది హెస్టర్. ఆ మాట వింటే ఈ కుర్రాడు రేపటి నుంచి ప్రతిదానికీ కాదనడం మొదలుపెడతాడు, ఆమె మెచ్చుకుంటుందని. అదీ ఆమె మాట వినడమే అవుతుంది.

"పని చూసుకో," అంది. డువార్టే మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళాడు.

ఆ ఏడాది చివర్లో, అడక్కుండా జాగోని వదిలేసిన మనిషి చేతిలో సంతకాలు ఉంచలేమని, ఒప్పందాల అధికారం ఆమె దగ్గర్నుంచి తీసేశారు. ఉద్యోగం ఉంది. ఎంచడం, పెంచడం ఆమె పనే. వదిలెయ్యడం మాత్రం ఇకనుంచి న్యాయవాది చేస్తాడు, మెయిల్ ద్వారా. తర్వాతి ఏడాది డువార్టే మొదటి ఏడు పందేల్లో రెండు కార్లు గోడకి కొట్టి, ఎనిమిదో పందెంలో ఐదో స్థానంలో వచ్చాడు. బాగానే ఎంచావు అన్నాడు ఆమ్స్‌లర్. ఆమె అవుననీ కాదనీ అనలేదు.

జాగోకి జపాన్‌లో సీటు దొరికింది. మొదటి ఏడాది గెలుపు లేదు. ఆ అక్టోబరులో వాడు ఫ్యాక్టరీకి వచ్చాడు. మిగిలిపోయిన హెల్మెట్లు రెండు, పాత బూట్లు తీసుకోడానికి. పార్కింగులో హెస్టర్ ఎదురుపడింది. వాడొచ్చిన టాక్సీ ఇంజను ఆపకుండా నిలబడి ఉంది.

"చిక్కావ్," అంది ఆమె.

"అక్కడ తిండి ఎవరూ చెప్పరు. నాకు నచ్చింది తింటున్నా. అందుకే చిక్కా," అన్నాడు జాగో. ఈసారి నవ్వులో కాస్త వెటకారం ఉంది, కాస్త నవ్వూ ఉంది. "మా ఇంజనీరు ముసలాయన. నేను కాదంటే ఆయన మాట్లాడకుండా కూర్చుంటాడు, పందెం అయ్యేదాకా. ఆ తర్వాత వాదన మొదలు. పోయినసారి రెండు గంటలు వాదించుకున్నాం. నాదే తప్పని తేలింది."

"తర్వాత?"

"తర్వాతేముంది, నూడుల్స్ తిన్నాం."

హెల్మెట్ల పెట్టె టాక్సీలో పెట్టి, తలుపు తీసి, ఒక కాలు లోపల ఒక కాలు బయట ఉంచి నిలబడ్డాడు.

"నాన్న మీ మీద ఇంకా కోపంగానే ఉన్నాడు. చెప్పమన్నాడు."

"నువ్వో?"

జాగో ఆలోచించాడు. జవాబు తెలియనప్పుడు ఏదో ఒకటి చెప్పేసే అలవాటు పోయినట్టుంది.

"తెలీదు మిస్. కొన్ని రోజులు ఉంటుంది, కొన్ని రోజులు ఉండదు," అని ఎక్కి కూర్చున్నాడు.

టాక్సీ గేటు దాటాక కూడా హెస్టర్ అక్కడే అటూ ఇటూ నడిచింది. పైన మీటింగు మొదలయ్యే వేళయింది. వచ్చే ఏడాదికి నలుగురు పిల్లల పేర్లు బల్ల మీద ఉన్నాయి, చోటు ఇద్దరికే. ఆమె మెట్ల దాకా వెళ్ళి, ఆగి, ఇంకో చుట్టు నడిచొచ్చి, అప్పుడు ఎక్కింది.